ఏ అంకారావు?

“మా పెదనాన్న వివరాలు తప్పు నింపాడంట! నలభై ఏళ్లు వేటకెళ్లినోడికి తన పడవ నంబరు తెలీదా, బాబాయ్?”

తెనాలిలో ఫోన్లు బాగుచేసే పాండురంగారావు చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. ఆ మాటన్న తేజస్విని అతని కొట్టు పైమేడలోని ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తుంది. రేపల్లె దగ్గర సముద్రపు పల్లె పిల్ల, బాపట్లలో చదువుకుంది. పడవలవాళ్లు తమ సంఘాన్ని వేటకు అనుమతి అడిగే యాప్ ఆ ఆఫీసుదే. కొత్త మార్పులు ముందుగా వాళ్ల పల్లెకే పంపారు. అప్పట్నుంచీ ఎవరు బటన్ నొక్కినా ‘వివరాలు తప్పు’ అనే వస్తోంది. మూడు రోజులుగా పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి.

“అసలు తప్పెక్కడమ్మా?”

“మా సార్ బసవేశ్వరరావు గారి దగ్గర! ప్రోగ్రాములో ‘బయల్దేరు’ అని ఒక పని ఉంది, దానికి పడవ నంబరు చాలు. ఆయన అదే పేరుతో ఇంకోటి రాశాడు, దానికి తేదీ కూడా కావాలి.”

“మరి రాసేటప్పుడే కంప్యూటర్ తప్పనలేదా?”

“అనదు. ఒకే పేరుతో రెండుండొచ్చు. కానీ మా బటన్, యాప్ నడుస్తుండగా ఒట్టి పేరుతో వెతుకుతుంది. రెండు కనబడేసరికి ఏది పిలవాలో తెలీక ఆగిపోతుంది. ఏ లోపమొచ్చినా తెరమీద ‘వివరాలు తప్పు’ అని పడేలా పెట్టింది కూడా ఆయనే! మా పల్లెలో అంకమ్మ తల్లి పేరు ఇంటికొకరికి పెడతారు. ‘అంకారావూ’ అని కేకేస్తే ముగ్గురు తిరుగుతారు. అందుకే వలల అంకారావు, ఐసు అంకారావు అంటాం. ఆ మాత్రం మా నాయనమ్మకి తెలుసు, సార్‌కి తెలీదు!”

పాండురంగారావుకు నవ్వొచ్చింది గాని, ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు.

“సరిచేశావుగా?”

“పొద్దున్నే. పేరుతోపాటు ఏమేమి ఇస్తున్నామో కూడా చెప్పి వెతికించా. కానీ ఆయన పడవల సంఘానికి ఉత్తరం రాసేశాడు, ‘మీవాళ్లకు నింపడం రాదు’ అని. నేర్చుకునేదాకా అనుమతి లేదంటున్నారు వాళ్లు. ఉత్తరం వెనక్కి తీసుకోండి సార్ అంటే, ‘పోనీలేమ్మా’ అంటాడు. ఏం పోనీలే?”

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. లోపం ఎవరిదో, ఎలా వచ్చిందో అందులో రాసి, కింద తన సంతకం పెట్టి ఉంది.

“ఉద్యోగం పోతుందేమోనమ్మా.”

“పోతే వెతుక్కుంటా. రేపల్లె బండికి నువ్వెలాగూ వెళ్తున్నావుగా, బాబాయ్? సంఘం ప్రెసిడెంటు చేత ఇది చదివించు. పెదనాన్న ఎదురుగా, అందరికీ వినబడేలా. వలల అంకారావు అని అడుగు, లేకపోతే ముగ్గురూ వచ్చేస్తారు.”