గాలికి తోవ చూపిన మేస్త్రీ

మా అమ్మాయి తయారు చేసిన విమానం ఎగిరిందండీ! నిన్న పొద్దున, తనే నడిపింది, ఇరవై నిమిషాలు, ఇంజిన్ వేడెక్కనే లేదు! ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన డక్టు మేస్త్రీ పోయిన ఆదివారం కన్నుమూశాడు. సంతోషం పట్టలేక రాస్తున్నాను, కోపం పట్టలేక కూడా. ఆయన నన్ను మోసం చేసి పోయాడు.

పాశమైలారం మందుల ఫ్యాక్టరీలకు ఏసీ గాలి పోయే రేకు గొట్టాలు, అదే డక్టులు, చేసేవాడాయన. చిట్కుల్‌లో మా పక్కిల్లే. మా షెడ్డులో రెండు సీట్ల విమానం తయారవుతుంటే, డ్యూటీ దిగి టిఫిన్ డబ్బాతోనే వచ్చి నిలబడేవాడు.

ఇంజిన్ స్టార్ట్ చేసిన పది నిమిషాలకే వెనక సిలిండర్లు రెండూ విపరీతంగా వేడెక్కేవి. నాది ఏడో తరగతి చదువు, లేతు మిషన్ మీద ముప్పై ఏళ్ల పని. గాలి చాలడం లేదనుకుని ఇంజిన్ మూతకు ముందున్న రంధ్రాలు కోసి పెద్దవి చేశాను. వేడి ఇంకా పెరిగింది. ఇలాగైతే ఎగరనే కూడదంది అమ్మాయి.

"ఏందన్నా, ముక్కు కోసినవ్, మరి గాలి బయటికి పొయ్యే తొవ్వ ఏది?" అని నవ్వాడు మేస్త్రీ. డక్టుల్లో లీకు పట్టినట్టే, బ్లోయర్ పెట్టి ఇంజిన్ చుట్టూ అగరుబత్తి తిప్పాడు.

"గిదేంది మేస్త్రీ, పూజ జేస్తున్నవ్? మీ పాస్టరు సూస్తే?" అన్నాను.

"పాస్టరుకు నేను జెప్పుకుంట. నువ్వు జెర పక్కకు జరుగు, నీ ఊపిరికే పొగ చెదురుతున్నది."

పొగ సిలిండర్ల మధ్యకు పోకుండా పక్క సందుల్లోంచి జారిపోయింది. "గాలికి బద్ధకమెక్కువ బిడ్డా, సులువుగ సందు దొరికితే గట్లనే పోతది" అని మా అమ్మాయికి చూపించాడు. నెల రోజులు రేకులు కత్తిరించి, అంచులకు రబ్బరు పట్టీలు బిగించి, ఒక్కో సందూ మూశాడు. కింద గాలి బయటికి పోయే దారి పెద్దది చేశాడు. నేను కోసిన రంధ్రాలను నాకు చెప్పకుండానే చిన్నవి చేశాడు. నేను అలిగాను. "ఎగిరిన నాడు తిట్టన్నా, ఆడనే ఉంట" అన్నాడు.

ఉండలేదు. గుండె బాగా లేదనీ, పని మానుకోమనీ డాక్టరు ముందే చెప్పాడట. అది మా అమ్మాయికి తెలుసు! సమాధి దగ్గర చెప్పింది: "నీకు తెలిస్తే పని ఆపుతవని మామ నాతోని ఒట్టేయించుకున్నడు నాయినా."

ఇద్దరూ కలిసి నన్ను బయటివాణ్ణి చేశారు. నిజమే, తెలిస్తే ఆపేవాణ్ణే. ఒక్క రేకు ముట్టనిచ్చేవాణ్ణి కాదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు కాబట్టే ఈ కోపం తీరడం లేదు.

ఇక ఈ సంగతి చెప్పాల్సిన మావాళ్లు: సదాశివపేటలో చిన్నక్క, ఆమెకు చెవుడు, అరిచి చెప్పాలి. జోగిపేట బావ, రేకు డబ్బా ఎగురుతదా అని ఎగతాళి చేసినవాడు. కొల్లూరులో పెద్దోడు, కోడలు. జహీరాబాద్‌లో మేస్త్రీ తమ్ముడు. మేస్త్రీ భార్య. సమాధి చేసిన రోజు కోపంలో ఆమెకు ఒక్క మాటా చెప్పకుండా వచ్చేశాను. ఆమెకు ఫోన్ చెయ్యను. చెప్పులేసుకుంటున్నాను.