ఏనుగును తిన్న మేక

సిద్దిపేటలో ఆడవాళ్ల కోసం పెట్టిన బొమ్మల నుమాయిష్‌ను మేకలకు మేపిన మనిషి ఎవరని ఎవరైనా అడిగితే, వేలు నా వైపే చూపించండి. నేనేమీ అనుకోను. కొత్త కోడళ్లు అన్నం మాడబెడతారు, పాలు పొంగబెడతారు. నేను ఏకంగా ఒక రాజు మీసాలను, ఆయన ఊరేగింపును పోగొట్టాను.

అప్పుడు దేశదేశాల మధ్య పెద్ద లడాయి నడుస్తోంది. నేను కాపురానికి వచ్చి ఇంకా గోడలు కూడా సరిగ్గా గుర్తుపట్టని రోజులు. పట్నంలో పాత వస్తువులు, బొమ్మలు చూపించే అజాయబ్‌ఘర్ నుంచి ఒక బేగం వచ్చింది. పట్నం దాకా పోలేని ఆడవాళ్లకు ఊళ్లోనే బొమ్మలు చూపించి, వాటి సంగతులు చెప్పడం ఆమె పని. బజారు వెనక ఒక పాత మకాం కిరాయికి తీసుకున్నారు. అసలు బొమ్మలు పట్నం దాటి రావు కనుక, చేర్యాలలో పటాలు రాసే నకాషీ ఎల్లయ్య మామ వాటిని చూసి బట్ట మీద నకళ్లు రాసి తెచ్చాడు.

ఎల్లయ్య మామకు అప్పుడు చేతిలో పని లేదు. ఆ లడాయి కరువులో పటాలు రాయించుకునేవాళ్లు ఎవరు? ఈ బొమ్మలు జనానికి నచ్చితే పట్నం పిలిపించి బడులన్నిటికీ నకళ్లు నీ చేతనే రాయిస్తానని బేగం ఆయనకు మాట ఇచ్చింది. ఆయనింటి పొయ్యి ఆ మాట మీదే వెలగాలి.

మగవాళ్లను రానివ్వని జనానా రోజు కాబట్టి లోపల పనికి ఆడమనిషి కావాలన్నారు. ఊడవడం, లై ఉడికించడం, దానితో బొమ్మలను చెక్క పలకలకు అతికించడం. మా అత్త నన్ను పంపించింది, పంపిస్తూ బొమ్మలను చూస్తూ నిలబడవద్దని హెచ్చరించింది. వండవద్దని మాత్రం హెచ్చరించలేదు. అదే మా కొంప ముంచింది.

"పిల్లా, చింతగింజల పిండి గంజిల ఉడికియ్యి," అన్నాడు ఎల్లయ్య మామ. "దించేముందల ఏపాకు రసం పొయ్యి. మస్తు దినాలు నిలువుంటది."

సరేనన్నాను. ఉడికింది. దించబోతూ, చేతి అలవాటు కదా, గరిటె అంచును నాలుకకు తాకించాను. చప్పగా ఉంది. ఇందులో మళ్లీ చేదు పోయాలా? మీరే చెప్పండి, నిలవ ఉండడానికి ఏం వెయ్యాలో ఆడదానికి ఒక నకాషీ నేర్పాలా? మామిడికాయ తొక్కు ఏడాది పొడవునా నిలవ ఉండేది వేపాకుతోనా? జాడీలోంచి గుప్పెడు ఉప్పు తీసి వేశాను. మళ్లీ నాకి చూసి ఇంకొంచెం వేశాను. అచ్చం మా అవ్వ చేతి రుచి వచ్చింది. వేపాకును చెట్టు కిందే పారేశాను.

పలకలకు బొమ్మలు అతికించాం. మామూలుగా అయితే పొద్దెక్కేసరికి ఎండిపోవాలి. ఎండలేదు. తుమ్మిన ముక్కులా తడితడిగానే ఉన్నాయి.

"ఏంది పిల్లా, ఇంకా ఆరలే?"

"ముసురు పట్టింది గదా మామా," అన్నాను, మబ్బు మీదికి నేరం తోసేసి.

వాకిట్లో కాస్త ఎండ పొడ ఉంటే పలకలన్నీ అక్కడ పరిచి, ఆయన బువ్వకు పోయాడు. నేను మంచి చీర కట్టుకు వద్దామని ఇంటికి ఉరికాను. వెనక తలుపు గొళ్లెం వేసిన గుర్తు ఉంది. తలుపుకు లేదట.

తిరిగి వచ్చేసరికి పక్కింటి ఇమామ్ చాచా మేకలు వాకిలి నిండా ఉన్నాయి. ఒక ముసలి మేక నోట్లోంచి ఏనుగు తొండం వేలాడుతోంది. ఏనుగును మేక తినడం చూసిన కళ్లు ఈ జిల్లాలో ఇవే. ఇంకొకటి వేరే పలక మీది రాజుగారి ముఖాన్ని ప్రేమగా నాకుతోంది. నేను చెవి పట్టి గుంజేసరికి రాజుకు మీసాలు లేవు. ఇంకోసారి నాకితే రాజు కూడా ఉండేవాడు కాదు.

ఎల్లయ్య మామ వచ్చాడు. తిట్టలేదు. పలక మీద వేలు రాసి నాలుకకు తాకించుకున్నాడు.

"ఉప్పేసినవా?"

"నిలువుండాలన్నవు గదా మామా."

"నేను లై చెయ్యమన్న. నువ్వు తొక్కు పెట్టినవ్," అని గడప బయట కూర్చున్నాడు. చెప్పులు విప్పి ఎదుట పెట్టుకుని, "పట్నం పోయేటందుకు కొత్త చెప్పులు గూడ కుట్టించిన," అన్నాడు, నాతో కాదు, చెప్పులతో. తిట్టినా బాగుండేది.

అప్పటికే ఆడవాళ్లు గుంపుగా వస్తున్నారు. బేగం బొమ్మలను చూసి సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. మరి వేరే దారి లేక ఉన్నవాటినే గోడకు పెట్టించింది. ముందు మా అత్తే వచ్చి, తొండం లేని ఏనుగు ఎదుట నిలబడింది. అంబారీలో మేక మేసినంత మేర బోడి పలకే ఉంది. నేను చీపురు పట్టుకుని మూలకు జరిగాను.

"గీ అంబారీల ఎవ్వలు కూసున్నట్టు?" అంది అత్త.

"పెండ్లిపిల్ల," అంది ఒకామె.

"పెండ్లిపిల్లయితే ముంగట కత్తులెందుకు?"

"మా మరిదిని చూస్తె కత్తులు గావాలె," అంది ఇంకొకామె.

ఇక చూడండి. బావి దగ్గరి బొమ్మలో కడవ గాలిలో ఉంది, కింద మనిషి లేదు. "అత్త పిలిస్తె ఉరికింది," అని ఎవరో అంటే మా అత్త నా వైపే చూసింది. ఒకరు కథ అల్లుతారు, ఇంకొకరు కాదంటారు, దానికోసం మళ్లీ మొదటి బొమ్మ దగ్గరికి పోయి చూసి వస్తారు. బేగం నోరు తెరిచి ఒక్క సంగతి చెప్పడానికి సందు దొరకలేదు.

బయట ఎల్లయ్య మామకు ఆ నవ్వులు వినపడ్డాయి. తన బొమ్మలను చూసే నవ్వుతున్నారనుకుని, చెప్పులు చంకలో పెట్టుకుని లేచాడు. బేగం పరదా చాటున నిలబడి నాతో ఆయన్ను పిలిపించింది.

"పట్నంల ఆడోళ్లు బొమ్మ చూసి ముంగటికి నడుస్తరు. ఈడ కదులుతనే లేరు," అంది. "బడులకు నువ్వే రాయి, ఎల్లయ్యా. ఒక్కొక్క బొమ్మల కొంచెం జాగ గిట్లనే ఖాళీ ఇడువు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బట్ట మీద గోరంత చోటు వదలకుండా ఎరుపు నింపిన మనిషి ఆయన. తల గోక్కుని, "ఖాళీ ఎట్ల రాస్తరమ్మా? నాకు రాదు," అన్నాడు.

గోడ అవతలి నుంచి ఇమామ్ చాచా గొంతు వినపడింది. "మా ముసలి మేకకు వస్తది. కిరాయికి తీస్కపో."

ఎల్లయ్య మామ కొత్త చెప్పులు తొడుక్కుని పట్నం పోయాడు, మేక లేకుండానే. ఆ తరవాత సిద్దిపేటకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు. పళ్లెం ముందుకు జరిపితే, ముందు కూర వాసన చూసి, "బొమ్మలు అతికేటందుకు గాదు గదా?" అని అడిగి గానీ ముద్ద పెట్టేవాడు కాదు. ఇప్పుడు అలా అడిగేవాళ్లు లేరు.

ఆ మకాం గడప సాక్షిగా నేనొక ఒట్టు పెట్టుకున్నాను. వండేది మనుషుల నోటికో, గోడ పలకకో తేలేదాకా ఈ జన్మలో ఉప్పు జాడీ ముట్టను. కావాలంటే మా ఇంటికి భోజనానికి రండి. అందరి పళ్లేల పక్కనా ఉప్పు గిన్నె ఉంటుంది, ఎవరి ఉప్పు వాళ్లే వేసుకుంటారు.