చొక్కా మడతల్లో ఇనుపరజను

సోమవారం సాయంత్రం ఆరుంబావుకి మనవరాలు ఐటీఐ నుంచి వచ్చింది. పొద్దున క్లాసు, మధ్యాహ్నం వర్క్‌షాపు.

"నేను అరగదీస్తున్న ఇనుప ముక్క ఎక్కువ అరిగిపోయింది, అమ్మమ్మా. సార్ పక్కన పడేశారు. రేపట్నుంచి వెళ్లను."

దాని చేతుల నుంచి ఇనుము వాసన వచ్చింది. చిన్నప్పుడు మేమున్న టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో మా అన్నయ్య చేతుల వాసన కూడా అదే.

అన్నయ్యదీ ఫిట్టర్ చదువే. పరీక్షకి ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసి చదును చేయాలి, లేకపోతే సీటు పోతుంది. ముక్క రోజూ తగ్గుతోందని అతను చెబితే, తగ్గిన ఇనుముకి సారు లెక్క అడుగుతారనుకున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రోజూ అతని చొక్కా మడతల్లోని రజను డబ్బాలోకి దులిపి దాచాను. పరీక్ష రోజు పొద్దున ఆ డబ్బా అతని చేతికిచ్చాను.

"ఏటే ఇది?"

"నీ ముక్కలో పోయింది. సారుకి ఇచ్చెయ్."

అన్నయ్య నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, అది పోకపోతే ముక్క చదునవ్వదు."

ఆ రోజు పరీక్ష పాసయ్యాడు.

మనవరాలిని కూర్చోబెట్టి, ఎంత ఎక్కువ అరిగిందో అడిగి లెక్క చెప్పాను. పోయింది అర మిల్లీమీటరు ఇనుము, ఒక మధ్యాహ్నం. అంతే.