ఎయిజున్ గెలిచిన ఉప్పు తగాదా

ఎయిజున్ తన అరవై ఆరేళ్ళ బతుకులో ఒకే ఒక్క తగాదా గెలిచాడు. నేను చూశాను. ముందు వరసలో చాప మీద కూర్చుని మరీ చూశాను.

అది మా ఉమ్మడి బీడు వాళ్ళ సమావేశం. పదకొండు ఇళ్ళ ఆవులు కలిసి మేసే బీడు మాది. మా దీవిలో ఆవుని పాలకి పెంచరు, దూడ కోసం పెంచుతారు. తొమ్మిది నెలల దూడని సంతలో అమ్మితే, అవతలి వాళ్ళు దాన్ని కొవ్వు పట్టేదాకా మేపి మాంసానికి పంపుతారు. కాబట్టి ఏడాదికో దూడ ఇవ్వని ఆవు మాకు దండగ. ఆవులు కలిసి మేస్తాయి గనక వాటికి పెట్టే ఉప్పూ మినరలూ కూడా అందరం కలిసే కొనాలి. ఆ ఏడు బీడుకి పెద్ద ఎయిజున్. పెద్ద అంటే గౌరవం అనుకునేరు. మిగతా పదిమందీ మాకొద్దన్న పనిని అతను కాదనలేకపోయాడు, అంతే.

ఆ రోజు చిసాకి లేచి నిలబడింది. ఉత్తరాన పెద్ద పట్నాల నుంచి మా ఫునమిచి వాళ్ళ అబ్బాయిని చేసుకుని వచ్చిన పిల్ల, ఆరు ఆవులున్నాయి. చేతిలో రెండు కాగితాలు, కాళ్ళ దగ్గర ఒక గోనె. మన బీడు పగడపు రాయి నేల, సున్నం ఎక్కువ, గడ్డిలో భాస్వరమూ రాగీ తక్కువ, ఆవులు నాకడానికి ఎప్పుడూ కొనే ఉప్పు ఇటుకలు మానేసి ఉప్పు కలపని ఈ మినరల్ పొడి కొందామని చెప్పింది. గోనె ఖరీదు నాలుగు వేల యెన్లు దాటుతుందనగానే గదిలో దగ్గులు మొదలయ్యాయి. ఇటుక వెయ్యిలోపే.

ఆమె కాగితం తిప్పబోతుంటే ఎయిజున్ లేచాడు. అందరం ఆశ్చర్యపోయాం. సమావేశాల్లో అతను లేచేది టీ కెటిల్ కోసమే. చెవుల దాకా ఎర్రబడి, చాప మీది అల్లికని చూస్తూ అన్నాడు.

"అమ్మాయ్, ఆవు నాలిక ముందు పుట్టిందా, నీ కాగితం ముందు పుట్టిందా?"

 గది నవ్వులతో దద్దరిల్లిపోయింది. ముసలి జెన్‌కో చాప మీద అరచేత్తో బాదుతూ నవ్వాడు. ఆవుకి ఏం కావాలో దాని నాలికకే తెలుస్తుందని తలా ఒక కథ మొదలుపెట్టారు. చిసాకి "రెండో పేజీలో ఇంకా" అంటూనే ఉంది, ఎవరికీ వినబడలేదు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి కూర్చుంది. ఇటుకలకి పది చేతులు లేచాయి. అందులో ఒకటి నాది.

ఇంటికి వెళ్ళే దారిలో అతని భార్య కియో నాతో అంది, "ఈయనకి నోరుందని పెళ్ళైన ముప్పై ఎనిమిదేళ్ళకి తెలిసింది. ఇంట్లో ఎక్కడ దాచాడో."

నిజానికి ఎయిజున్‌కి నోరు లేదు. కుర్రతనంలో మూడు శీతాకాలాలు ఉత్తరాన కార్ల ఫ్యాక్టరీకి పనికి వెళ్ళాడు. అక్కడ ఎవరో అతని యాసని వెక్కిరిస్తే బదులు చెప్పడానికి మాట వెతుక్కుంటూ ఉండగానే మూడూ అయిపోయాయని తనే చెప్పుకునేవాడు. తిరిగొచ్చి ఆవులు పట్టుకున్నాడు. వాటితో మాత్రం బాగా మాట్లాడతాడు. తుపానుకి కూలిన రాతి గోడ ఎవరిదైనా సరే, ఎవరూ పిలవకుండానే వెళ్ళి నిలబెడతాడు. మా ఆయన పోయినప్పుడు నలభై రోజులు నా మూడు ఆవులకీ గడ్డి కోసి తెచ్చాడు. నేనొక్కసారీ మంచిమాట అనలేదు. గడ్డి మరీ పొడుగ్గా కోస్తున్నావని తిట్టాను. మర్నాటి నుంచి పొట్టిగా కోశాడు.

అలాంటి మనిషికి ఆ పదునైన మాట ఎక్కడిది? నాది.

సమావేశానికి ముందు రోజు చిసాకి ఆ గోనె మా ఇంటికి తెచ్చింది. ఆరుబయట కూర్చుని, "ఇక్కడ చూడండి బామ్మా" అంటూ అక్షరాల కింద వేలు పెట్టి చూపించింది. నాది నాలుగేళ్ళ చదువు, అందులో సగం బడి వెనక చిలగడదుంపలు తవ్వడమే. ఆ గోనె మీది అక్షరాల్లో ఒక్కటీ నాకు తెలియదు. తెలియదని చెప్పొచ్చు కదా. చెప్పలేదు. తల ఊపాను, ఊపుతూనే ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున కొడవలి పదును పెట్టుకోవడానికి ఎయిజున్ వచ్చినప్పుడు ఆ మంటంతా కక్కాను. మూడు ఆవుల ముసలిదాన్ని, నాలుగు వేల గోనె ఎలా కొంటానని అడిగాను. ఆ తర్వాత నాలిక మాట అన్నాను. అతను నవ్వలేదు. కొడవలి అంచు వేలితో చూసుకుంటూ, "ఇంకోసారి అనక్కా" అన్నాడు. అన్నాను. దారి పొడుగునా దాన్ని వల్లెవేసుకుంటూ వెళ్ళి ఉంటాడు. అతని దగ్గర తొమ్మిది ఆవులున్నాయి, గోనె కొనగలడు. నా కోసం లేచాడు.

ఇటుకలు వచ్చాయి. బీడులో అక్కడక్కడ పెట్టాం. నెల నెలా అవి చిన్నవవుతుంటే, చూశారా తింటున్నాయని అందరూ మురిశారు. నవంబరులో ఉత్తరపు గాలి మొదలైంది. ఆ గాలికి మా దీవిలో పెదవి తడుపుకుంటే ఉప్పగా ఉంటుంది, తలుపు గొళ్ళెం ఉప్పగా ఉంటుంది, గడ్డీ అంతే.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆవుల్ని వెతుకుతూ ఒడ్డు వైపు గేటు దాకా వెళ్ళాను. అక్కడ ఒక ఇటుక ఉంది. వంగి చేత్తో తడిమాను. ఆవు నాకితే ఉప్పులో గిన్నెలాంటి నున్నటి గుంట పడుతుంది. ఆ ఇటుక మీద గుంట లేదు. పురుగు తొలిచినట్టు చిల్లులు, అంచులు కత్తుల్లా ఉన్నాయి. చిన్నప్పుడు మా అమ్మతో సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు తీసినదాన్ని, వాన కరిగించిన ఉప్పు ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవులు దాన్ని ముట్టుకోలేదు. వానలు తిన్నాయి.

తలెత్తి చూస్తే చిసాకి ఆవు గేటు దగ్గర నిలబడి ఏదో నములుతోంది. చచ్చిన తాబేలు ఎముక. నోటి పక్క నుంచి సొంగ కారుతూ, కళ్ళు మూసుకుని, పటిక బెల్లం చప్పరిస్తున్నట్టు నములుతోంది. నల్లగా నిగనిగలాడాల్సిన దాని వెంట్రుక తుప్పు రంగుకి తిరిగింది. ఎండకి మాడిందని ఊళ్ళో అనుకునేవాళ్ళం. జనవరిలో ఏం ఎండ?

చిసాకి చెప్పిన లోటు నిజమేనని నాకు అప్పుడే తెలిసిపోయింది. అప్పటికి ఆవులు ఎదకి రావడానికి రెండు నెలలు టైముంది. ఇంటికెళ్ళి ముల్లంగి ఉడకబెట్టుకుని తిన్నాను. చెబితే నా మాట ఓడిపోతుంది. ఊళ్ళో అందరూ ఇంకా ఆ మాట చెప్పుకుని నవ్వుతున్నారు. అది నాదని ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు, విన్నప్పుడల్లా లోపల వీపు నిటారయ్యేది. ఆ సుఖం పోగొట్టుకోలేక నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడ్డది బతుకులో ఆ ఒక్కసారే.

ఏటా ఒకటీ రెండూ తప్పేవి, ఆ వసంతంలో చాలా ఆవులు ఎదకే రాలేదు. వచ్చిన వాటికి చూలు కట్టే సూది వేయించినా నిలవలేదు. జూన్‌లో పక్కనున్న పెద్ద దీవి ఇషిగాకి నుంచి పశువుల డాక్టరు వచ్చి ఒక్కొక్క దాన్నీ చెయ్యి పెట్టి చూశాడు. ఎయిజున్ తొమ్మిదిలో మూడు చూలు. నా మూడింటిలో ఒకటి. చిసాకి ఆరింటిలో ఒకటి.

రక్తం తీసుకెళ్ళి పరీక్ష చేయించి, మళ్ళీ వచ్చి చెప్పాడు. భాస్వరం లేదు, రాగి లేదు. ఆవు నాలిక ఉప్పుని మాత్రమే వెతుకుతుందనీ, మిగతావి తక్కువైతే ఎముకో రాయో నమలడమే తప్ప ఏం కావాలో దానికి తెలియదనీ, గడ్డితోనే కడుపు నిండా ఉప్పు తింటున్న ఆవు ఉప్పు ఇటుక జోలికి ఎందుకు పోతుందనీ అన్నాడు. పాపం ఆయనకి మా తగాదా సంగతి తెలియదు. నాలిక అన్నప్పుడల్లా అందరూ ఎయిజున్ వైపు చూశారు. ఎయిజున్ నేల చూశాడు. నేను సముద్రం చూశాను.

 నేను చెప్పలేదా అని చిసాకి అంటే ఎంత బాగుండేది, నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని. ఆమె మర్నాడు కూడా ఎప్పటిలాగే "లేచారా బామ్మా" అని పలకరించి గడ్డికి వెళ్ళింది. వచ్చే ఏడు అమ్మడానికి ఒకే దూడ. ఆమె మొగుడు ఇషిగాకిలో తాపీ పనికి వెళ్ళిపోయాడు. రెండు ఆవుల్ని అమ్మేస్తోందని తెలిసింది. అవీ పోతే నాలుగు మిగులుతాయి. నాలాంటి ఒంటి ముసలికి సరే గానీ, నాలుగు ఆవులతో కుర్ర కాపురం ఎవరిదీ ఈ దీవిలో ఎక్కువ కాలం నిలవలేదు.

నిన్న పొద్దున ఎయిజున్ మా ఇంటికి వచ్చాడు. నాలుగు మడతల కాగితం తీశాడు. చిసాకి దగ్గరికి వెళ్ళి అడిగి తెచ్చుకున్నాడట.

"నా కళ్ళు సరిగా లేవక్కా. చదువుతా, నువ్వు వింటూ ఉండు. తప్పు చదివితే చెప్పు."

అతని కళ్ళకేం రోగం లేదు. అర కిలోమీటరు దూరం నుంచి ఏ ఆవు కుంటుతోందో చెప్తాడు. నా ముందు కాగితం పెట్టకుండా ఉండటానికి వెతుక్కున్న దారి అది.

అతను చదివింది రెండో పేజీ. మేం చదవనివ్వని పేజీ. పొడి ఏడాది పొడుగునా పెట్టక్కర్లేదని రాసుంది. ఈనబోయే ఆవుని రెండు నెలల ముందు వాకిలి దొడ్లోకి విడదీసి, మళ్ళీ చూలు నిలిచేదాకా రోజుకో చిన్న గుప్పెడు సోయా పిప్పిలో కలిపి పెడితే చాలు. మిగతా నెలలు ఏమీ కొనొద్దు, ఉప్పు అసలే వద్దు, అది గాలే తెస్తుంది. అలా లెక్కేస్తే ఒక్కో ఆవుకి ఏడాది మీద ఇటుకల కన్నా తక్కువ పడుతుంది. కింద మా పదకొండు ఇళ్ళ పేర్లూ, ఏ ఇంటికి ఎన్ని గోనెలో రాసింది. మొదటి పేరు నాదేనట. మూడు ఆవులు, ఒక గోనె, కొంత మిగులుతుంది కూడా.

 అతను కాగితాన్ని ఆ మడతల మీదే జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇవాళ గడ్డికి వెళ్తుంటే ఎయిజున్ చిసాకి వాళ్ళ దొడ్డి గోడ దగ్గర కనిపించాడు. కూలిన చోట రాళ్ళు పేరుస్తున్నాడు. ఆమెకి చెప్పి ఉండడు. నేను బుట్ట దించాను.

"ఏరా, అసలు ఆ మాట ఎవరిదో దానికి చెప్పావా?"

రాయిని అటూ ఇటూ తిప్పి, సరిపడే వైపు చూసుకుని పెట్టాడు.

"చెప్పలేదు. చెప్పను. లేచి అన్నవాణ్ణి నేను. అన్నాక అది నాదే."

"జనవరిలో నేను ఇటుక చూశానురా. ఆవులు ముట్టుకోలేదని నాకప్పుడే తెలుసు."

అతని చెయ్యి రాయి మీద ఆగిపోయింది.  తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. అతను ఇంకో రాయి తీసుకున్నాడు.

"నేనూ చూడాల్సిందక్కా. పెద్దని కదా," అన్నాడు. తర్వాత చేతులు దులుపుకుని, ఆ రోజు చాప చూసినట్టే నేల చూస్తూ అడిగాడు.

"రేపు పొద్దున బోటొస్తుంది, ఆ రెండు ఆవుల కోసం. ఈలోగా నేను వాళ్ళింటికెళ్ళాలి. నాకు మాటలు రావు, నీకు తెలుసుగా. ఆ రోజు ఇచ్చావే, అలాంటిదొకటి ఇవ్వక్కా. చిన్నదైనా సరే. ఈసారి ఓడిపోవడానికి పనికొచ్చేది."