ఎవరు మోస్తే వాళ్ళది

నా చిన్నప్పుడు మట్టెవాడలో మా ఇంట్లో తాళం వేయని వస్తువు ఒక్కటే. అది మా నాయనమ్మ వీణ. మిరపకాయల గోదాముకు తాళం, పసుపు గదికి తాళం, చివరికి ఊరగాయ జాడీల అలమరకు కూడా తాళం వేసే వ్యాపారస్తుల ఇల్లు మాది. వీణకు మాత్రం తాళం అక్కరపడలేదు. ఎందుకంటే అది ఇంట్లో ఉండేది కాదు.

ఒకే పనస మొద్దును తొలిచి చేసిన వీణ అది. నాయనమ్మకు వాళ్ళ నాయనమ్మ నుంచి వచ్చింది. కొసన చెక్కిన యాళి సింహం తలకు ఒక చెవి విరిగిపోయింది, రంగు నల్లబడింది, నాదం మాత్రం గుడిగంటలా చాలాసేపు నిలిచేది. అలాంటివి చేసేవాళ్ళు అప్పటికే కరువయ్యారు. దాన్ని నాయనమ్మ బాగా వాయించేవాళ్ళకు ఏడాదిపాటు ఇచ్చేది. దసరా నాడు వాళ్ళు తిరిగి తెచ్చి మా పూజలో పెట్టాలి. మళ్ళీ ఎవరికివ్వాలన్నది ఆమె ఇష్టం. తీసుకునేవాళ్ళు మా అరుగు మీద కూర్చుని ఒకసారి వాయించాలి. తర్వాత తమ భుజాన తామే మోసుకుపోవాలి. బండిలో వేయకూడదు, నౌకరుకు ఇవ్వకూడదు. రైలెక్కితే ఒళ్ళో పెట్టుకోవాలి. మా ఇంటి రివాజు అది.

ఆ ఏడు హనుమకొండలోని ముసలి పంతులుగారు వేళ్ళు ఆడడం లేదని వీణను తెచ్చి ఒప్పజెప్పారు. దాని మీద ముగ్గురి కళ్ళు పడ్డాయి.

మొదటిది కాజీపేట అక్క. రైల్వే గుమాస్తా కూతురు. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆమె వీణను అత్తవారు అక్కడే ఉంచేసుకున్నారు. వారం వారం రైలెక్కి వచ్చి నాకు పాఠం చెప్పేది. పాఠం అయ్యాక నా చిన్న వీణ మీద కాసేపు తన కోసం వాయించుకునేది. ఆ కాసేపే ఆమెకు వారమంతటికీ మిగిలిన సంగీతం. అప్పుడు నాయనమ్మ చేతిలోని మిరపకాయ తొడిమ తీయకుండా అలాగే ఉండిపోయేది.

రెండోవాడు నెక్కొండ వైపు దొర. కొత్తగా హాలు కట్టించాడు, అందులో నిలబెట్టడానికి పాత వీణ కావాలట. ఆయన పంటంతా మా దుకాణానికే వచ్చేది కనుక మా పెద్దనాయన ఎవరినీ అడగకుండా మాట ఇచ్చేశాడు.

మూడోదాన్ని నేను. నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇది నా మొదటి ఫిర్యాదు.

దసరా మధ్యాహ్నం అక్క వచ్చింది. పెద్దనాయన గడప దగ్గరే ఆపాడు. "పండుగ పూట బొట్టు లేని మొఖంతోని లోపటికి వస్తవా? జర అవతల కూసో" అన్నాడు. ఆమె వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ముందుకు పోయి, నేను కూడా వాయిస్తాను, నాకూ అడిగే హక్కు ఉందన్నాను. ఆయన నవ్వాడు. "నీకు వీణెందుకే? రేపు అత్తగారింట్ల కారం దంచాలె. రోకలి పట్టుడు నేర్చుకో ముందుగాల." వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఈ రోజు అడిగినా వరుసగా చెప్పగలను.

నాయనమ్మ పోట్లాడలేదు. "దొరకు మాట ఇచ్చినవు గద బిడ్డా. మాట పోవద్దు. మన రివాజు తోటే ఇద్దాం" అంది మెత్తగా. పెద్దనాయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంతలోనే దొర నౌకరు మఖమల్ గుడ్డతో దిగాడు. నాయనమ్మ అతన్ని అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి, వీణ తెచ్చి ముందు పెట్టింది.

"వాయించు నాయనా."

"నాకేమొస్తదవ్వా? నేను మోసుకపోవచ్చినోన్ని!"

"ఈ వీణె ఎవరు మోస్తే వాళ్ళది. అయితే నీదే ఇగ. దొర హాల్ల ఎందుకు, మీ ఇంట్లనే పెట్టుకో."

అతను నిప్పు తొక్కినట్టు లేచాడు. "నా తోలు తీస్తడవ్వా!" అన్నాడు. వాకిలి మళ్ళీ నవ్వింది, ఈసారి నేను కూడా నవ్వాను. నాయనమ్మ అతనికి కడుపునిండా భక్ష్యాలు పెట్టి, దొరను వచ్చి అరుగు మీద కూర్చుని వాయించి మోసుకుపొమ్మని కబురు పంపింది. దొర వస్తాడా? పెద్దనాయన ముఖం కందగడ్డ అయింది.

అప్పుడు నాయనమ్మ మెట్టు మీదున్న అక్కను పిలిచింది. పెద్దనాయన అడ్డం నిలబడ్డాడు. ముండమోసిన దాని చేతికి దసరా నాడు సరస్వతిని ఇస్తావా, నా ఇజ్జత్ ఏం కావాలె అని అరిచాడు.

"నేను ముండమోసినదాన్ని కానా బిడ్డా? రోజు పొద్దుగాల నా మొఖం చూసే దుకాణం తెరుస్తవు. ఏనాడన్న బేరం తప్పిందా?"

ఆయన పక్కకు జరిగాడు. అక్క కూర్చుంది. శ్రుతి చేసుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆమె వాయించింది ఎలా చెప్పను? నవ్విన వాళ్ళందరూ తలలు దించుకుని విన్నారు. నాకు అది చాలా బాగుంది.

అయినా నేను వదల్లేదు. నాకూ వంతు కావాలన్నాను. నాయనమ్మ వీణను నా ఒళ్ళో పెట్టింది. కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. "ఆమె చెయ్యి మంచిది. నీకు ఇంక రాలేదు" అంది, అందరి ముందూ. సొంత మనవరాలిని! ఆ రోజు భక్ష్యం ముట్టలేదు నేను. ఇది నా రెండో ఫిర్యాదు, దీన్ని కూడా వెనక్కి తీసుకోలేదు. కాకపోతే ఒకటి గమనించాను. పెద్దనాయన నన్ను వినకుండానే కాదన్నాడు. నాయనమ్మ విని కాదంది. ఈ రెండూ ఒక్కటే అనేవాళ్ళతో నేను నేటికీ మాట్లాడను.

సాయంత్రం అక్క వీణను భుజాన ఎత్తుకుంది. నాయనమ్మ చెప్పులు తొడుక్కుని ముందు నడిచింది. నేను ఏడుపు ముఖంతోనే వెనక, వీణకు తగిలించిన సొరకాయ బుర్రకు చెయ్యి ఆనించి నడిచాను. జమ్మికి, పాలపిట్ట దర్శనానికి బజారంతా బయలుదేరిన వేళ అది. ఎవరో గొణిగారు, పాలపిట్టను చూడబోతే వీళ్ళు ఎదురయ్యారని. నాయనమ్మ ఆగింది. "పాలపిట్ట ఎగిరిపోతది. ఇది ఏడాదంతా మోగుతది. మంచిగ చూసుకో!" అని మళ్ళీ నడిచింది. ఆమె పక్క సందులోకి తిరగలేదు, నడిబజారులోంచే స్టేషన్‌కు తీసుకుపోయింది. రైలు కదిలేటప్పుడు అక్క ఒళ్ళో వీణ, దాని మీద ఆమె రెండు చేతులూ కనిపించాయి.

కొన్నేళ్ళకు ఒక దసరా నాడు నా వాయింపు విని నాయనమ్మ సరేనంది, ఆ అక్కే వీణను నా భుజానికి ఎత్తింది. పెద్దనాయన అక్షింతలు పట్టుకుని వచ్చాడు, అంతా మరిచిపోయినట్టు. నేను అరుగు దిగి ఆయన కాళ్ళకు మొక్కలేదు.

నాయనమ్మ తర్వాత దాన్ని ఎవరికివ్వాలో చెప్పేది నేనే. ఇప్పుడు ఆ వీణ నా దగ్గర లేదు. అంటే క్షేమంగా ఉందన్నమాట. గాజు పెట్టె చేయిస్తామని మా వాళ్ళు ఎన్నోసార్లు అడిగారు, ముందు దాన్ని మోసి చూపించండి అన్నాను. దసరా వస్తే మోకాళ్ళు వంగకపోయినా అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అడగవచ్చిన వాళ్ళెవరినీ వినకుండా పంపను. విన్నాక కాదనడానికి మొహమాటపడను. నిరుడు నా మనవరాలు కళ్ళు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుంది. మా ఇంటి ఆడవాళ్ళం దేన్నీ మరిచిపోం.