ఆగిన చోట గీత

మా మనుమడు ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద ఉద్యోగం చేస్తాడు. పొద్దున గది తలుపు మూసుకున్నాడంటే ఇల్లు కూలినా బయటికి రాడు. నిన్న వాడి బిడ్డ కొత్త గౌను తొడుక్కుని, నాన్నకు చూపించి బడికి పోదామని ఆ తలుపు ముందు నిలబడింది. లోపలి నుంచి టకటకమని మీటల చప్పుడు, దాని వెనకే జర ఆగమన్న మాట వినిపించాయి. ఆ గది ఉన్న జాగలోనే, ఆ నున్నటి బండల కింద, ఒకప్పుడు మా బాపు మగ్గం గుంత ఉండేది.

నైజాం కాలపు ఆఖరి రోజుల్లో సిద్దిపేట నేత ఇండ్లు ఎట్లా ఉండేవో నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. బాపు గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, అమ్మ పొయ్యి దగ్గర, నేను నూలు చుడుతూ, ఆ మగ్గం చప్పుడు మీదే మా ఇల్లు నడిచేది. పట్టిన బొమ్మ పూర్తి కానిదే గుంతలోంచి లేవగూడదని ఆయన నియమం. నడుమ లేస్తే మళ్లీ కూర్చున్నప్పుడు పోగును బిగించే దెబ్బ మారి, ఆగిన చోట బట్టలో సన్నటి అడ్డగీత పడుతుంది. మా బాపు చీరలో గీతన్నది వెతికినా దొరకదని బజారంతా చెప్పుకునేవాళ్లు. ఆ మొండితనానికి లోలోపల ఎంత తిట్టుకునేదాన్నో, కానీ నిజం చెప్పొద్దూ, మాకింత జొన్నగట్క పోసింది ఆ నియమమే.

అక్కను నారాయణరావుపేటకు ఇచ్చారు. ఒకసారి వచ్చి నాలుగు రోజులుండి తిరిగి పోయేనాడు, వాళ్ల మామ బండి కట్టుకుని వచ్చాడు. ఆ రోజుల్లో బాటలు మంచివి కావు, పొద్దుగూకక ముందే ఊరు చేరాలని ఆయన తొందర. అమ్మ ఒడిబియ్యం పోసింది. ఒడి నిండిన ఆడబిడ్డ గడప దాటాక మళ్లీ లోపలికి రావద్దని మా ఇంటి ఆచారం, కాబట్టి ఇక బాపే బయటికి రావాలి. అక్క గడప అవతల నిలబడి, పోయొస్తనని కేకేసింది. బాపు అప్పుడు చీర కొంగులో చిలుక బొమ్మ నేస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"జరంత ఆగు బిడ్డా, చిలుకకు ముక్కు పెట్టి వస్త."

అక్క ఆగింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు ఆగింది. అమ్మ లోపలికి పోయి చెబితే బాపు ఊఁ అన్నాడు. మామ పొద్దు వంక చూసి ఎద్దులను అదిలించాడు. చిలుకకు ముక్కు పెట్టి, చేతులు తుడుచుకుంటూ బాపు వాకిట్లోకి వచ్చేసరికి బండి సందు మళ్లిపోయింది. పండుగకు మళ్లీ వస్తది గదా అనుకుని ఆయన పోయి గుంతలో కూర్చున్నాడు.

ఆ వానకాలం అక్కకు జ్వరం వచ్చింది. కబురు అంది బాపు పోయేసరికి అంతా అయిపోయింది.

దినాలయ్యాక బాపు మళ్లీ మగ్గం ఎక్కాడు గానీ, ఆ మనిషి కాదు. గడప దగ్గర ఎవరి అడుగు వినబడినా నేత ఆపి లేచేవాడు, పక్కింటి మేక వచ్చినా సరే. మొదట్లో నాకు సంబురంగానే ఉండేది, పిలిస్తే పలికే బాపు దొరికాడని. తర్వాత తర్వాత ఎవరూ రాకున్నా ఆపడం మొదలుపెట్టాడు. నడిపొద్దున, సందులో పిట్ట కూడా తిరగని వేళ, చప్పుడు ఠక్కున ఆగేది.

"పెద్దబిడ్డ వచ్చినట్టున్నది. పోయి చూడు."

పోయి చూసేదాన్ని. బయట ఉత్త ఎండ. అయినా ఎవరో ఇప్పుడే అక్కడి నుంచి పక్కకు జరిగినట్టు అనిపించి, ఒళ్లు జల్లుమని లోపలికి ఉరికొచ్చేదాన్ని. ఎవరూ లేరని చెబితే, కాసేపు గడపనే చూసి, పోగు నడిపే నాడె చేతికి తీసుకునేవాడు.

చీరల నిండా గీతలే. చీరలు కొనే షావుకారు వెలుతురుకు పట్టి చూసి మొహం ముడిచేవాడు. అట్లా తిప్పి పంపిన ఒక చీరను అమ్మ కట్టుకుంది, అదిప్పుడు నా పెట్టెలో ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు తీసి ఆ గీతల మీద వేలు పోనిస్తాను. కొన్ని నేను పిలిచినప్పటివి, కొన్ని ఇరుగుపొరుగు వచ్చినప్పటివి. మిగిలినవన్నీ మా అక్కవి.

బాపుకు కొడుకులు లేరు, నాకు ఇల్లరికం తెచ్చారు కాబట్టి ఆ జాగ నాకు మిగిలింది. మగ్గం పోయింది, గుంత పూడ్చి బండలు పరిచారు. ఇప్పుడు ఆడపిల్ల పోయేది ఎడ్లబండిలో కాదు, తలుచుకుంటే ఫోన్లో మొహం కనిపిస్తుంది. మనుమణ్ణి తప్పు పట్టను, వాడి పనే మా అందరికీ తిండి. ఎక్కడ బిగబట్టాలో, ఎక్కడ సడలాలో మా బాపుకు అందలేదు. ఇన్నేళ్లు బతికినా నాకూ తెలియలేదు.

నిన్న మాత్రం బడి ఆటో హారన్ కొట్టగానే పిల్ల వెనక్కి తిరగడం చూసి ఆగలేకపోయాను. ఆ తలుపును అరచేత్తో బాదాను. వాడు విసుక్కుంటూనే వచ్చాడు, బిడ్డను ఎత్తుకుని గౌను బాగుందన్నాడు, ఆటో ఎక్కించి వచ్చి మళ్లీ తలుపేసుకున్నాడు. నా గుండె కుదుటపడింది.

నడిపొద్దు దాటాక, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, మీటల చప్పుడు ఠక్కున ఆగింది. మనుమడు తలుపు తీసి తల బయటపెట్టాడు.

"పిలిచినవా నాయినమ్మా? ఎవరో వచ్చినట్టున్నది."

నేను పిలవలేదు. ఆ మాట వాడికి చెప్పకుండా, గోడ పట్టుకుని లేచి, గడప దాకా పోయి చూసి వచ్చాను.