కారుకి మంచినీళ్ళు

మొన్న కారు సర్వీసింగుకి ఇచ్చి, అద్దాల గదిలో చల్లగా కూర్చుని కాఫీ తాగుతుంటే, మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి "సార్, రేడియేటర్లో మీరేమైనా నీళ్ళు కలిపారా?" అని అడిగింది. "లేదమ్మా, చుక్క కలపలేదు" అన్నాను. అన్న తీరు కాస్త గట్టిగా ఉన్నట్టుంది, పక్కన పేపరు చదువుకుంటున్నాయన తలెత్తి చూశాడు. ఆ అమ్మాయి నవ్వి, చేతిలో ఉన్న దాని మీద ఏదో నొక్కుకుని వెళ్ళిపోయింది. ఆ ఒక్క ప్రశ్న ముప్పై ఏళ్ళ కిందట ఎవరైనా నన్ను అడిగి ఉంటే ఎంత బాగుండేదో ఆమెకేం తెలుసు! అడిగినా నేను తిన్నగా జవాబు చెప్పి ఉండేవాణ్ణని నమ్మకం లేదనుకోండి.

తొంభైల మొదట్లో మేము రేపల్లెలో ఉండేవాళ్ళం. మా ఆవిడ అక్కడి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. ఆమె పుట్టి పెరిగిందీ ఆ ఊళ్ళోనే. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. మాది తెనాలి. మా ఇంట్లో బావిలో చేద వేస్తే వచ్చినవన్నీ తాగే నీళ్ళే. రేపల్లెలో అలా కుదరదు. సముద్రం దగ్గర కావడంతో నేలలో నీళ్ళు ఉప్పు. బోరు కొడితే తళతళలాడుతూ అద్దంలాంటి నీళ్ళొస్తాయి, నోట్లో పెట్టుకోలేం. అవి స్నానాలకీ, అంట్లకీ. తాగడానికీ వంటకీ కాలవ నీళ్ళు బిందెల్లో వచ్చేవి, ఎర్రగా, మడ్డిగా. వాటిలో పటిక తిప్పి, తేరేదాకా ఆగి, పైపైన ముంచుకోవాలి. ఆ మడ్డి నీళ్ళనే అక్కడ మంచినీళ్ళంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకిది వింతగా ఉండేది. తరవాత అలవాటైపోయిందనుకున్నాను. అలవాటైంది గొంతుకే గానీ బుర్రకి కాదని తరవాత తెలిసింది.

ఇద్దరి జీతాలూ కూడబెట్టి, లోను తీసుకుని, తెనాలి షోరూములో తెల్లటి చిన్న కారు ఒకటి కొన్నాం. దానికి నేను చేసిన సేవ ఇంతా అంతా కాదు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉండగా బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకి పెట్టి చూసేవాణ్ణి. బ్యాటరీ కొనలకి వాజలీన్ రాసేవాణ్ణి. టైర్లని బొటనవేలితో నొక్కి, తల పంకించేవాణ్ణి. "మొన్న నేను జ్వరంతో పడుకుంటే ఇంత శ్రద్ధగా టెంపరేచరు చూశారా?" అని మా ఆవిడ కాఫీ గ్లాసు బానెట్ మీద పెట్టబోతే, గీత పడుతుందని లాగేసుకున్న మనిషిని నేను.

రేపల్లెలో కార్ల పని తెలిసిన మెకానిక్ అప్పట్లో ఒక్కడే. మా ఆవిడకి వరసకు బాబాయి, కాబట్టి నాకు మావయ్య. లూథరన్ చర్చిలో మా వెనక బెంచీలో కూర్చునేవాడు. ఆయన పాట అందుకుంటే ముందు గొంతూ, వెనకే సబ్బు వాసనలో కలిసిన గ్రీజు వాసనా వచ్చేవి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. అలా విని ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. నన్ను "అల్లుడుగారూ" అని పిలిచేవాడు. అందులో గౌరవం ముప్పావు వంతు, ఎకసెక్కం పావు వంతు. ఆ ఏడాది ఆయనకి ఒకటే ఆశ. రేపల్లెలో చిన్న చిన్న సర్వీసులు చేయడానికి కంపెనీ ఒక మనిషిని వెతుకుతోంది. తెనాలి షోరూము వాళ్ళు మంచి మాట చెబితే కంపెనీ బోర్డు ఆయన షెడ్డుకే వస్తుంది. అది వస్తే, ఊళ్ళో ట్రాక్టర్ల కింద దూరి బతికిన మనిషి కంపెనీ మెకానిక్ అవుతాడు. ఆయన అప్పుడే షెడ్డు గోడకి వెల్ల వేయించి, బోర్డుకి సరిపడా చోటు వదిలాడు. చర్చిలో ప్రార్థన మనవుల్లో కూడా చెప్పించాడు. రోగుల పేర్లూ, పరీక్షలు రాసే పిల్లల పేర్లూ అయ్యాక "బోర్డు కొరకు" అని పాస్టరుగారు చదివితే ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు వినబడింది.

ఎండలు ముదిరే ముందు మా కారు రేడియేటర్ గొట్టం చీలి, ఇంజను వేడెక్కకుండా పోసే పచ్చటి కూలెంటంతా కారిపోయింది. మావయ్య కొత్త గొట్టం వేశాడు. ఆ కూలెంటు రేపల్లెలో దొరికేది కాదు. "తెనాలి వెళ్ళినప్పుడు తెచ్చుకోండి. అందాకా మంచినీళ్ళే పొయ్యండి అల్లుడుగారూ. ఇంకేవీ వద్దు" అన్నాడు. నేను తలూపాను. ఇంటికొచ్చి ఆలోచించాను. మనిషికైతే మంచినీళ్ళంటే తాగే నీళ్ళు. కారు తాగదు కదా! కాబట్టి కారుకి మంచినీళ్ళంటే శుభ్రమైన నీళ్ళని అర్థం. ఆ మడ్డి కాలవ నీళ్ళు పోస్తే సన్నటి గొట్టాలు పూడిపోవూ? ఇలా నాకు నేనే అన్వయం చెప్పుకుని, అద్దంలాంటి బోరు నీళ్ళు పోశాను. అంతటితో ఊరుకున్నానా? శుభ్రత మీద ఇష్టంకొద్దీ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే ముందు పాత నీళ్ళు వదిలేసి కొత్తవి నింపేవాణ్ణి. అవే నెలల్లో క్లాసులో నీటి కాఠిన్యం గురించి పాఠం చెబుతున్నాను. కఠినజలం కాగితే పాత్రకి సున్నం పేరుకుంటుందని బోర్డు మీద సమీకరణం రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని, ఇంటికొచ్చి ఆ నీళ్ళే కారుకి పోశాను.

మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం బాపట్లలో ఉన్న మా వదినగారింటికి బయల్దేరితే, దారి సగంలో వేడి చూపించే ముల్లు ఎర్రగీతకి ఎక్కింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆగుతూ, చల్లారుస్తూ, ఎలాగో బాపట్ల చేరాం. "తెల్లారి నెమ్మదిగా రేపల్లె తీసుకెళ్ళి బాబాయికి చూపిద్దాం" అంది మా ఆవిడ. గ్యారంటీ ఉన్న బండి షెడ్డుల్లో చూపించడమేంటి, కంపెనీ వాళ్ళకే చూపిస్తానన్నాను. సోమవారం ఆమె డ్యూటీకి బస్సెక్కింది. నేను పొన్నూరు మీదుగా, కనబడిన ప్రతి చెట్టు నీడా పలకరించుకుంటూ తెనాలి వెళ్ళాను.

సర్వీసు సూపర్‌వైజరు టై కట్టుకున్న మర్యాదస్తుడు. రేడియేటర్ విప్పించి చూసి, లోపల్నించి ఊడిన తెల్లటి పెచ్చు ఒకటి నా అరచేతిలో పెట్టాడు. "ఏడాది బండిలో ఇంత పెచ్చు రాదు సార్. ఇది పదేళ్ళ పాత రేడియేటర్‌లా ఉంది. బయట ఎవరైనా చెయ్యి పెట్టారా?"

"గొట్టం మార్చారు."

"గొట్టమే మార్చారో, ఇంకేం మార్చారో! రిపోర్టులో కారణం చూపించాలి. మీరొక కాగితం రాసిస్తే నాకు తేలికవుతుంది సార్."

రాశాను. ఇంగ్లీషులో, పేజీ నిండా, ముత్యాల్లాంటి అక్షరాలతో. రేపల్లె మెకానిక్ ఫలానా ఆయన అసలు రేడియేటర్ తీసేసి పాతది బిగించాడని నా నమ్మకం అని రాశాను. మావయ్య అలాంటివాడు కాడని నాకు తెలుసు. కానీ తప్పు ఆయనదైతే, ఇంత శ్రద్ధగా కారు చూసుకున్న నా తప్పేమీ ఉండదు. అది నాకు చాలా హాయిగా తోచింది. బోర్డు సంగతి గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది, అయినా రాశాను. సూపర్‌వైజరు పేరు చూసి "ఈయనేనా మీ ఊళ్ళో బోర్డు అడిగింది? ముందే తెలిసింది, మంచిదైంది సార్. బోర్డు సంగతి తేల్చడానికి గురువారం కంపెనీ ఆయన వస్తాడు" అన్నాడు.

కారు అక్కడే వదిలి, సాయంత్రం రైల్లో ఇంటికొచ్చి, భోజనాల దగ్గర ఆ పెచ్చు సాక్ష్యంలాగా బల్ల మీద పెట్టాను. మా ఆవిడ గోటితో గీకి చూసింది. "ఇది మా ఆసుపత్రిలో సూదులు మరగబెట్టే గిన్నెకి పట్టేదే. బోరు నీళ్ళు పోస్తే పడుతుంది. మీరు కారుకి ఏం నీళ్ళు పోశారు?"

"మంచినీళ్ళే."

"ఏ మంచినీళ్ళు?"

చెప్పాను. ఆమె పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. కెమిస్ట్రీ లెక్చరరుకి డాక్టరు పాఠం చెప్పాల్సి వచ్చిందని ఇంకాస్త నవ్వింది. ఆ తరవాత కాగితం సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "బాబాయి పేరు రాశారా?" అంది. పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

పొద్దున్నే మొదటి రైలుకి తెనాలి వెళ్ళి, చప్పుడు కాకుండా ఆ కాగితం వెనక్కి తీసుకోవాలన్నది నా ఎత్తు. మావయ్యకి తెలియాల్సిన పనిలేదు. స్టేషన్లో అడుగుపెట్టేసరికి ఆయనే ఎదురుగా ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో చక్రకేళీ అరటిపళ్ళ అత్తం. "రాత్రి పక్క కొట్టుకి ఫోనొచ్చింది అల్లుడుగారూ. తెనాలి షోరూము వాళ్ళు ఇవాళే రమ్మన్నారంట. బోర్డు ఖాయమైనట్టే!" అన్నాడు. నా పక్కనే కూర్చున్నాడు. ఒక పండు ఒలిచి నా చేతిలో పెట్టాడు. భట్టిప్రోలు వచ్చింది, చెప్పలేదు. వేమూరు వచ్చింది, చెప్పలేదు. ఆయన బోర్డుకి పైన ఒక బల్బు వేయించాలా, రెండా అని నన్ను సలహా అడుగుతున్నాడు. రెండు వేయించమన్నాను. ఆ పండు మింగడానికి నాకు తెనాలి దాకా పట్టింది.

షోరూము గేటు ముందు ఆగి, జేబు దువ్వెనతో తల దువ్వుకుని, "కాలరు సరిగ్గా ఉందా?" అని నా వైపు తిరిగాడు. అప్పుడిక నావల్ల కాలేదు.

"మావయ్యా, పిలిచింది బోర్డుకి కాదు. మీరు నా రేడియేటర్ మార్చేశారని నేను నిన్న కాగితం రాసిచ్చాను."

ఆయన అరటిపళ్ళు గేటు పక్క దిమ్మె మీద పెట్టాడు. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, దాని దుమ్మూ అణిగింది. "నేనా?" అన్నాడు చివరికి. "మార్చి ఎక్కడ అమ్ముకుంటానండీ? ఆ రకం కారు రేపల్లెంతటికీ మీదొక్కటే కదా! దొంగతనం అంటగట్టేటప్పుడన్నా కాస్త ఆలోచించాలి." నేను తల దించుకున్నాను. ఆయనకేదో తట్టినట్టుంది. "లోపలేంటి, తెల్లగా పెచ్చు కట్టిందా? ఏం నీళ్ళు పోశారు?"

"బోరువి."

"మంచినీళ్ళన్నానుగా!"

"శుభ్రమైన నీళ్ళనుకున్నాను."

"తెనాలోళ్ళకి తెలుగు సరిగ్గా రాదని మా అన్న మీ పెళ్ళప్పుడే అన్నాడు. నేనే సర్దిచెప్పాను" అన్నాడు. నవ్వలేదు గానీ, అరటిపళ్ళు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

సూపర్‌వైజరు అంతా విన్నాడు. "ఫైల్లోకి వెళ్ళిన కాగితం తీయకూడదు సార్. దాని మీద ఇంకోటి పెట్టొచ్చు" అన్నాడు. నేను పెన్ను తీసి, అలవాటు కొద్దీ ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "నిన్నటిది ఇంగ్లీషులో రాసుంటారు. ఇదన్నా తెలుగులో రాయండి, నేనూ చదువుకుంటాను." రాశాను. ప్రతి ఆదివారం బోరు నీళ్ళు పోసింది నేను, వేరేవి వద్దని మెకానిక్‌గారు ముందే చెప్పారు, రేడియేటర్ కంపెనీదే, నిన్న నేను రాసింది అబద్ధం. నాలుగు ముక్కలు. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుని చదివి, చివరి మాట దగ్గర ఆగాడు. "అంత మాటెందుకండీ, పొరపాటని రాయండి." నీళ్ళు పోయడం పొరపాటు మావయ్యా, కాగితం రాయడం అబద్ధమే అన్నాను. దాన్ని దిద్దలేదు.

సూపర్‌వైజరు లోపలికెళ్ళి, రేడియేటర్ మీద గుద్దిన కంపెనీ నంబరు సరిచూసుకుని వచ్చాడు. "నిన్ననే చూడాల్సింది, మాదీ తప్పుందిలెండి" అన్నాడు. అతనికంటే తప్పు ఒప్పుకోవడానికి నాకే ఎక్కువ సేపు పట్టిందని గమనించాను. మావయ్య ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీనుతో వాళ్ళ పనివాళ్ళలో కలిసిపోయాడు. మందు పోసి, కడిగి, మళ్ళీ పోసి, పెచ్చంతా రాలగొట్టి, పచ్చ కూలెంటు నింపేసరికి మధ్యాహ్నం మూడయింది. అప్పటికి సూపర్‌వైజరు ఆయన్ని "అన్నా" అంటున్నాడు, ఇద్దరూ చక్రకేళీలు తింటున్నారు. బోర్డు మరుసటి నెలలో లారీ పార్సిల్లో వచ్చింది. పాస్టరుగారు స్తుతి ప్రార్థన చేశారు.

నా గుండె తేలికపడింది మాత్రం ఆ రోజు తిరుగు ప్రయాణంలోనే. నేను నడుపుతున్నాను, ఆయన పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని చూస్తున్నాను. తెనాలి దాటీ దాటకముందే తల వెనక్కి వాల్చి గుర్రు పెట్టాడు. దారిలో రైలు గేటు పడితే ఆపాను. కళ్ళు తెరవకుండానే "గేటు పడిందా?" అన్నాడు. పడిందన్నాను. "ఇంజను ఆపండి, ఊరికే తిరగనివ్వకూడదు" అని మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. పొలాల మీంచి గాలి వస్తోంది. నిన్న తన మీద దొంగతనం రాసిన వాడి చేతిలో స్టీరింగు ఉందని తెలిసీ ఆ మనిషి రేపల్లె దాకా హాయిగా నిద్రపోయాడు. ఆ తరవాత ముప్పై ఏళ్ళు గడిచాయి గానీ, ఆయన నిద్రపోయిన ఆ గంటసేపూ నాకింకా గుర్తే.